రేడియేటర్‌లో పసుపు

పసుపు ఉడికే వాసన తగిలిందంటే నా కండ్లు వాటంతటవే కారు మీటర్ల మీదికి పోతాయి, వేగం చూపించే పెద్ద ముల్లు మీదికి కాదు, దాని పక్కన ఇంజిన్ వేడి చూపించే చిన్న ముల్లు మీదికి. పోయిన నెల కోరుట్ల దగ్గర మా అవ్వ, అంటే అమ్మ, పుట్టింటి వాళ్ళ పెండ్లికి పోయి, అవ్వను పక్క సీట్లో కూర్చోబెట్టుకొని కరీంనగర్‌కు తిరిగి వస్తుంటే, రోడ్డుకు రెండు దిక్కులా చేన్లలో పసుపు ఉడకబెడుతున్నారు. నా చిన్నప్పటి వెడల్పు కడాయిలు, వాటి కింద ఎండిన పసుపాకు మంట, చెమటలు కక్కుకుంటూ కట్టెలతో కలియబెట్టే మనుషులు ఇప్పుడు కనిపించరు. ట్రాక్టర్ల పక్కన ఆవిరి డ్రమ్ములు నిలబడి ఉన్నాయి. వాసన మాత్రం అదే. తడిమన్నూ పచ్చికొమ్మూ కొంచెం కర్పూరమూ కలిపి ఉడికించినట్టుండే ఆ వాసన, మూసిన అద్దాలను దాటుకొని లోపలికి వచ్చింది. నేను ముల్లును చూశాను. నడిమిట్లో కదలకుండా ఉంది. నా కారుకు ఏ రోగమూ లేదు. అయినా మాటిమాటికి దాన్నే చూస్తూ నడిపాను. అవ్వ ఎందుకని అడగలేదు. అడిగే మనిషి కాదు.

నాకప్పుడు పదేండ్లు. బెల్లంపల్లిలో బొగ్గు కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. రెండు గదులు, వెనక చిన్న వంటిల్లు, ముందర రేకుల పందిరి, బాపు, అవ్వ, నేను, అంతే. కాలనీ అంతా సైరన్ మోతను బట్టి నడిచేది. మొదటి షిఫ్టు మోతకు పొయ్యిలు అంటుకునేవి, రాత్రి షిఫ్టు చేసొచ్చిన వాళ్ళు పగలు పడుకుంటారు గనక మేం ఆడపిల్లలం ఓమనగుంటలు ఆడినా చింతగింజల చప్పుడు కాకుండా ఆడాలి. చలికాలం పొద్దున ఇంటింటి ముందర బొగ్గుల పొయ్యి పొగ లేచి వీధి చివరి ఇల్లు కనపడేది కాదు. ఆదిలాబాద్ దిక్కు చలి సంగతి తెలిసిన వాళ్ళకు చెప్పనక్కర లేదు. కొబ్బరినూనె సీసాలో రాయై కూర్చునేది, కాగిన నీళ్ళు బకెట్లో పోసేలోపే సగం చల్లారేవి. అవ్వ జొన్నరొట్టె కొట్టే చప్పుడుకు లేచి, బొంత కప్పుకొనే పొయ్యి పక్కకు చేరి, వేడి రొట్టె మీద ఎల్లిపాయ కారం, నువ్వుల నూనె చుక్క వేసుకొని తినేదాన్ని. ఆ రుచి గురించి ఇంకో పేజీ రాయొచ్చు గాని, రాస్తే ఏమొస్తుంది.

బాపు బాయిలో పంపు ఆపరేటర్. బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటారు. భూమి లోపల ఊరే నీళ్ళను పైకి తోడెయ్యడం ఆయన పని. పంపు ఆగితే కింద పనిచేసేవాళ్ళకు మోకాళ్ళ దాకా నీళ్ళొస్తాయి. అందుకేనేమో ఆయనకు నీళ్ళ మీద ఒక పట్టింపు ఉండేది. ఇంట్లో కుండ కింద తడి కనపడినా, బోరింగ్ పక్కన మన్ను మెత్తబడినా గొంతుక్కూర్చుని చూసేవాడు.

"నీళ్ళు యాడికో ఓ కాడికి పోవాలె గద బిడ్డా, మాయమైతయా?" అనేవాడు.

అవ్వది పసుపు పండించే ఇల్లు. ఏటా ఎండలు ముదరకముందే పుట్టింటి నుంచి ఒక బస్తా పసుపు వచ్చేది, దాన్ని దంచి, జల్లెడ పట్టి, డబ్బాలకెత్తేటప్పుడు వారం రోజులు మా ఇంట్లో గోడలు కూడా పచ్చబడేవి. వేలు తెగితే పసుపు, దగ్గొస్తే పాలల్లో పసుపు, శుక్రవారం గడపకు పసుపు, చీమలు బారు కడితే పసుపు, బాపు బాయిలో రాయి తగిలించుకొని వస్తే పసుపు. మా ఇంటి డాక్టర్ పేరు పసుపు అని బాపు నవ్వేవాడు. అవ్వకు ఇంకో ఆస్తి కూడా ఉండేది. పెండ్లికి ముందే టీచర్ ట్రైనింగ్ పాసైంది. ఆ సర్టిఫికెట్లు పదకొండేండ్లుగా ట్రంకుపెట్టె అడుగున పట్టుచీర మడతల్లో పడుకొని ఉన్నాయి. ఏడాదికోసారి బట్టలు ఎండకు వేసినప్పుడు వాటిని కూడా తీసి, నీడలో పరిచి, నాలుగు మూలలా గాజులు బరువు పెట్టేది. నన్ను ముట్టనిచ్చేది కాదు.

ఆ ఏడు బతుకమ్మ పండుగ పోయిన వారానికి బాపు కారు కొన్నాడు. ఎవరో కాంట్రాక్టర్ వాడి వాడి వదిలేసిన నీలం రంగు కారు, నాకంటే వయసులో పెద్దది, తలుపు వేస్తే ఇల్లంతా అదిరేది. మా వరుసలో మొదటి కారు అదే. పిల్లలం దాని అద్దంలో నాలుక బయటపెట్టి చూసుకునేవాళ్ళం, సీట్లలోంచి కొబ్బరిపీచు వాసన, పాత సిగరెట్ల వాసన, ఎండలో కాగిన రెగ్జిన్ వాసన వచ్చేది. బాపు డ్యూటీ నుంచి వచ్చి, మొహం మీది బొగ్గు కడుక్కోకముందే దాన్ని తుడిచేవాడు. అవ్వ మూతి తిప్పుకునేది గాని, కొండగట్టుకు పోయే రోజు మాత్రం పొద్దున్నే లేచి రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి, స్టీలు డబ్బా ఒళ్ళో పెట్టుకొని ముందు సీట్లో కూర్చుంది.

బండి కొని కొండగట్టు అంజన్న దగ్గరికి పోకుండా ఉండేవాళ్ళు మా దిక్కు ఎవరుంటారు? చక్రాల కింద నిమ్మకాయలు, ముందర కొబ్బరికాయ, బానెట్ మీద కుంకుమ బొట్టు, అన్నీ అయ్యాయి. పూజారి మంత్రం సగంలో ఉండగా ఒక పెద్ద కోతి కొబ్బరి చిప్ప కోసం ఎగిరి బానెట్ మీద కూర్చుంది. కూర్చున్నదల్లా కీచుమని అరిచి, రెండు చేతులూ వెనక పెట్టుకొని దూకి పారిపోయింది. అందరం పడీ పడీ నవ్వాం. బాపు నవ్వలేదు. చెయ్యి పెట్టి చూసి, వెంటనే తీసేసి, "గింత కాలుతుందేంది?" అన్నాడు.

ఆ రోజు నుంచి మొదలైంది. పొద్దున రేడియేటర్ నిండా పోసిన నీళ్ళు, మంచిర్యాల దాకా పోయొస్తే మూడు గ్లాసులు తగ్గేవి. ఇప్పటిలా రంగు రంగుల కూలెంట్లు అప్పుడు మాకు తెలియవు, బోరింగ్ నీళ్ళే. బాపు స్టీలు గ్లాసుతో కొలిచి పోసేవాడు, లెక్క నేను గట్టిగా చెప్పాలి. నీళ్ళు తగ్గుతున్నాయి, కింద మాత్రం చుక్క కనపడదు. పాత పేపర్లు కారు కింద పరిచి చూశాడు, తెల్లారి ఎత్తితే అక్షరం తడవలేదు. రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటే పిసికి చూశాడు. ఇంజిన్ నూనె పుల్ల తీసి వెలుతురుకు పట్టాడు. లోపల్లోపలే నూనెలో నీళ్ళు కలిస్తే అది పాలు పోసిన చాయ్ రంగులోకి తిరుగుతుందట, మాది నల్లగానే ఉంది. వెనక గొట్టంలోంచి తెల్లపొగ వస్తుందేమో చూడాలనుకున్నాడు, కాని ఆ చలికి మనుషుల నోట్లోంచే తెల్లపొగ వస్తుంటే కారు పొగ ఎట్లా తేలుతుంది? మిట్టమధ్యాహ్నం దాకా ఆగి చూశాడు. తెల్లగా లేదు. మూత లోపలి రబ్బరు మార్చాడు. అయినా రోజూ మూడు గ్లాసులు. అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలో ఉంచుకొనే ఆలోచించేవాడు, అవ్వ "కారు కన్న ముందు నువ్వు సల్లారిపోతవ్, తిను" అనేది.

ఒక ఆదివారం బాపు లేచి, ఒక్క మాట చెప్పకుండా అవ్వ ముగ్గుపిండి డబ్బా ఎత్తుకుపోయి రేడియేటర్ మీదంతా చల్లాడు. ఇంజిన్ స్టార్ట్ చేసి, బాగా వేడెక్కేదాకా ఆగి, దీపం పట్టుకొని వంగి చూశాడు. తెల్లటి పిండిలో కింద మూల, అతుకు దగ్గర, వెంట్రుకంత సన్నగా ఒక తడి గీత పడింది.

"దొరికిండే దొంగ!" అని వీధంతా వినపడేలా కేకేశాడు.

అవ్వ పిండి చేతులతోనే బయటికి వచ్చింది. బాపు ఆమెకు చూపించాడు: కారు వేడెక్కితేనే ఆ సందు తెరుచుకుంటుంది, కారిన నీళ్ళు ఆ వేడికే ఆరిపోతాయి, అందుకే కింద చుక్క లేదు. అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకొని, "నా ముగ్గుపిండికి నువ్వు బాకీ," అని నవ్వింది. వాళ్ళిద్దరూ అట్లా తల పక్కన తల పెట్టుకొని ఒక ఇనుప ముక్కను చూసి నవ్వడం నాకు బాగా గుర్తుంది. ఆ తర్వాత అట్లా నవ్వగా చూసిన గుర్తు లేదు.

ఆ వారంలోనే ఉత్తరం వచ్చింది. అవ్వ పేరు టీచర్ల లిస్టులో ఉంది. ఆదిలాబాద్‌కు రావాలి, పదకొండు గంటలకు పేర్లు పిలుస్తారు, పిలిచినప్పుడు మనిషి లేకపోతే ఆ ఉద్యోగం కింది పేరుకు పోతుంది. వయసు లెక్కన అవ్వకు అదే ఆఖరి అవకాశం, వచ్చే ఏడు ఆమె పేరు ఏ లిస్టులోనూ ఉండదు. ఉత్తరం ఆలస్యంగా చేరింది, మధ్యలో ఒక్క రోజే ఉంది. అవ్వ దాన్ని నాలుగుసార్లు చదివింది. నా నోటుబుక్కు వెనక అట్ట మీద తన సంతకం రాసి చూసుకుంది, పదకొండేండ్ల నుంచి రాయలేదు గదా, చివరి అక్షరం కుదరక మళ్ళీ రాసింది. తర్వాత నా తల దువ్వుతూ మెల్లగా చెప్పింది. ఖాళీలన్నీ జైనూర్ దిక్కు గూడేలలోనే ఉన్నాయట. ఆరు రోజులు అక్కడే ఉండి ఆదివారం ఇంటికి వస్తుందట.

"బాపుతోటి ఉంటవ్ గద బిడ్డా. పెద్దదానివైతివి."

ఊ అన్నాను. బాపు మూడు షిఫ్టుల మనిషి. ఆరు రోజులు నా తల ఎవరు దువ్వుతారు, ఎవరు రొట్టె కొడతారు, తలుపు తాళం తీసి ఖాళీ ఇంట్లోకి నేనొక్కదాన్నే ఎట్లా పోవాలి, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అవ్వ మొహం చూస్తే వెలిగిపోతోంది. నాకు ఒళ్ళు మండింది. అవును, కోపమే, దానికి ఇంకో పేరు పెట్టి అందంగా చెప్పలేను.

కారును ఖాజా మామ దగ్గరికి తీసుకుపోయాం. రైల్వే గేటు పక్కన రేకుల షెడ్డులో ఆయన మెకానిక్ పని చేసేవాడు, వరుస లేకపోయినా కాలనీ పిల్లలందరికీ మామే. తడి గీత చూసి, రేడియేటర్ విప్పి మంచిర్యాల పంపి అతుకు వేయించాలి, నాలుగు రోజులు పడుతుంది అన్నాడు. బాపు ఎల్లుండి ప్రయాణం సంగతి చెప్పాడు.

"జర ఆగు అన్నా, పరేషాన్ గాకు. ఒక్క చమ్చ పసుపు ఎయ్యి రేడియేటర్ల. పోయి సందుల కూసుంటది. ఆదిలాబాద్ పోయి రా, వచ్చినంక అతుకేద్దాం. గని ఒక్కటే చమ్చ. ఎక్కువైతె లోపటి సన్నగొట్టాలన్ని బందైతయ్, బండి యాడిదాడ నిలవడతది."

డ్రైవర్లు అందరూ చేసే పనేనట అది. ఇంటికి రాగానే అవ్వే డబ్బా తెచ్చి ఇచ్చింది. బాపు ఒక చెంచా వేశాడు, కాసేపు ఆలోచించి, ఇంకోటి వేశాడు. "మంచిదే గద, మనింటి పసుపు," అన్నాడు. ఇంజిన్ వేడి చేసి చూస్తే తడి గీత లేదు. అవ్వ అప్పుడు కూడా అంది, "పొద్దుగాల్ల బస్సున్నది. దాంట్ల పోతె పదింటికల్ల దించుతడు. బస్సుల పోదాం," అని.

"ఇంటి ముంగట కారు పెట్టుకొని బస్సుల నిలవడి పోతవా? టీచరమ్మవు నువ్వు. కార్ల దిగాలె," అన్నాడు బాపు.

మరునాడు బాపుది రెండో షిఫ్టు. పోయే ముందు ఒక గొట్టం బిగించి, ఇంకోసారి చూడొచ్చని బానెట్ తెరిచే పెట్టి పోయాడు. అవ్వ లోపల ఇస్త్రీపెట్టెలో బొగ్గులు వేసి చీర ఇస్త్రీ చేసుకుంటోంది, కాలిన గంజి వాసన వాకిట్లోకి వస్తోంది, ఆమె ఏదో పాట కూనిరాగం తీస్తోంది. నేను పసుపు తెచ్చాను. చెంచాతో కాదు. మూత తిప్పి తియ్యడం చాలాసార్లు చూశాను, కష్టం కాలేదు. పోశాను, లోపలికి పోకపోతే పుల్లతో పొడిచాను, ఒక గ్లాసు నీళ్ళు పోశాను, మూత బిగించి, మళ్ళీ పోయి తెచ్చి, మళ్ళీ పోశాను. పొరపాటున కాదు, మేలు చేద్దామని కాదు. బండి యాడిదాడ నిలబడాలనే. తర్వాత చేతులు కడుక్కొని ఓమనగుంటలు ఆడుకోవడానికి పోయాను. ఆ పూట గెలిచాను కూడా.

తెల్లవారుజామునే బయలుదేరాం. అవ్వ గంజి పెట్టిన నీలి అంచు చీర కట్టుకుంది, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఒళ్ళో పట్టుకుంది. ఆసిఫాబాద్ దాకా రోడ్డు చదునుగానే ఉంటుంది, చలిగాలి కొడుతోంది, ముల్లు బుద్ధిగా ఉంది. రోడ్డు పక్కన పత్తి చేన్లు, మంచులో తడిసిన జొన్నచొప్ప కుప్పలు, గొంగళ్ళు కప్పుకొని మంట కాచుకునే మనుషులు కనిపిస్తున్నారు. నేను వెనక సీట్లో కూర్చుని, ఖాజా మామ అబద్ధం చెప్పాడేమో అనుకున్నాను. అట్లా అనుకున్నప్పుడు సంతోషం వేసిందో బాధ వేసిందో ఇప్పుడు చెప్పలేను.

కెరమెరి ఘాటు ఎక్కడం మొదలుపెట్టిన రెండో మలుపులో ముల్లు లేచింది. నాలుగో మలుపుకు ఎర్రగీత ముట్టింది. బాపు పక్కకు ఆపి, బానెట్ ఎత్తి, ఇంజిన్ చల్లారేదాకా అటూ ఇటూ తిరిగాడు. అవ్వ గడియారం చూసుకుంటూ లోపలే కూర్చుంది. కాసేపటికి మళ్ళీ నడిపాడు, ఇంకో మలుపు కూడా దాటలేదు. అప్పుడు ఆయన మొహం పంపు దగ్గర నిలబడ్డ మనిషి మొహంలా మారింది. మూత పక్కనున్న సన్నటి పైపులోంచి నీళ్ళు పొంగి కారడం చూసి, "నీళ్ళు నిండనే ఉన్నయ్. మరి ఎందుకు మసులుతుంది?" అని తనలో తానే అన్నాడు. రేడియేటర్ పైభాగం మీద చెయ్యి పెట్టి చటుక్కున తీశాడు. కింది భాగం మీద పెట్టి, అక్కడే ఉంచాడు. చాలాసేపు ఉంచాడు.

"పైన కాలుతుంది, కింద సల్లగున్నది. నీళ్ళు తిరుగుతలేవు."

తువ్వాల చుట్టి మూత తిప్పాడు, తొందరపడ్డాడు. పచ్చటి ముద్ద ఒకటి బుస్సుమని పైకి లేచి, ఆయన మోచేతి దాకా పడింది. ఘాటు మీద ఆ చలిగాలిలో ఒక్కసారిగా పసుపు ఉడికే వాసన. అవ్వ దిగి పరుగెత్తుకొచ్చింది, కాలిన చోట రాయడానికి ఆమె దగ్గరుండే ఒకే ఒక్క మందు అప్పటికే ఆయన చేతినిండా ఉంది. బాపు చేతి సంగతి పట్టించుకోలేదు. ఆ ముద్దను వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"నేనే ఏసిన," అన్నాడు. "ఒక్కటే అని ఖాజా జెప్పిండు. రెండో చమ్చ నేనే ఏసిన."

అప్పుడు చెప్పొచ్చు. నోరు తెరిచి చెబితే అయిపోయేది. నేను రోడ్డు కింద లోయలో టేకుచెట్ల వైపు చూస్తూ నిలబడ్డాను.

డబ్బాలో నీళ్ళు పోసి కడిగాడు, పుల్లలతో పొడిచాడు, వాగు నుంచి నీళ్ళు మోసుకొచ్చాడు. ఎంత కడిగినా పచ్చగానే వస్తోంది. బాపు వద్దన్న బస్సు మేం ఘాటు చేరకముందే దాటిపోయింది. తొమ్మిది దాటినంక జైనూర్ అంగడికి పోయే జీపు వచ్చింది, మనుషులు వేలాడుతున్నారు. బాపు రోడ్డుకు అడ్డం నిలబడి ఆపాడు. అవ్వను, నన్ను ఎట్లాగో లోపలికి నెట్టి, జీపు వేగం అందుకునేదాకా తలుపు రేకు పట్టుకొని పక్కన నడిచాడు. జైనూర్‌లో గంట ఆగితే బస్సు దొరికింది, ఉట్నూర్‌లో ఇంకో బస్సు మారాం. అవ్వ చీర కుచ్చిళ్ళు నలగకుండా పట్టుకొని నిలబడింది.

ఆఫీసు వరండాకు చేరేసరికి ఒంటిగంట దాటింది. బెంచీ మీద కాగితాలు సర్దుకుంటున్న గుమాస్తా పేరు అడిగి, లిస్టులో వేలు పెట్టి చూశాడు.

"మూడు సార్లు పిలిచినం అమ్మా. జర ముందు రావద్దా?" అన్నాడు. విసుక్కోలేదు, జాలిగానే అన్నాడు.

కింది పేరామె అక్కడే ఉంది, చంకలో పిల్లను పెట్టుకొని సంతకం చేస్తోంది. ఏ ఊరు ఇచ్చారని అవ్వ అడిగింది. ఆమె ఊరు పేరు చెప్పింది. "మంచిగ చెప్పు పిల్లలకు," అంది అవ్వ. కుండలోంచి రెండు గ్లాసుల నీళ్ళు తాగి, నా మొహం కొంగుతో తుడిచి, బస్టాండు వైపు నడిచింది. నాకు మిరపకాయ బజ్జీలు కొనిచ్చింది. తిన్నాను. వేడిగా, బాగున్నాయి.

ఖాజా మామ తర్వాత రేడియేటర్ విప్పి, లోపలి ముద్దను పేపర్ మీద కుప్ప పోసి, చాలాసేపు చూశాడు. "రెండు చమ్చలకు గింతైతదా అన్నా?" అన్నాడు. బాపు, "రెండే ఏసిన," అన్నాడు. "మీ అత్తగారింటి పసుపు జోరున్నట్టుంది," అని ఖాజా మామ నవ్వబోయి, బాపును చూసి ఆగిపోయాడు. అతుకు వేయించిన వారానికి బాపు కారును ఎవరికో ఇచ్చేశాడు, ఆ తర్వాత స్టీరింగ్ ముట్టుకోలేదు. సర్టిఫికెట్లు ట్రంకుపెట్టె అడుగుకు పోయాయి, ఆ తర్వాతి ఎండాకాలం బట్టలు ఎండేసినప్పుడు అవ్వ వాటిని బయటికి తియ్యలేదు. నేను కోరుకున్నట్టే ఆరు రోజులు కాదు, ఏడు రోజులూ అవ్వ ఇంట్లోనే ఉంది. నా తల దువ్వేది, రొట్టె కొట్టేది. మాట్లాడడం మాత్రం తగ్గింది. తిట్టలేదు, అలగలేదు, బాపు కాలిన చేతికి నెలరోజులు మందు రాసింది. ఆమెలో ఏదో ఆగిపోయింది, అంతే.

బాపు మాత్రం తప్పు తనదనడం ఆపలేదు. వీధిలో ఎవరైనా టీచరమ్మ సంచి తగిలించుకొని పోతుంటే తల దించుకునేవాడు. నా పెండ్లి మాటల్లో వియ్యంకుడు మాటవరసకు "మీ ఇంటామె ఏం జేస్తది?" అని అడిగితే, "నౌకరి రావాల్సింది, నేనే పోగొట్టిన," అన్నాడు. అడగని వాళ్ళకు కూడా చెప్పేవాడు. ముప్ఫై ఏండ్లకు పైగా చెప్పాడు. నేను విన్న ప్రతిసారీ అక్కడి నుంచి లేచి ఏదో పని మీద పోయాను. ఏడుపు వస్తుందేమోనని కాదు, రాలేదు, ఇప్పటికీ రాదు. కాలిన చర్మం మీద గీరినా తెలియనట్టు ఉండేది. చెబుదాం చెబుదామనుకుంటూనే ఉన్నాను, పిల్లల చదువులన్నాను, ఆయనకు బీపీ అన్నాను, పండుగ పూట ఎందుకన్నాను.

పోయిన నెల ఆ కోరుట్ల దారిలో, ఆ వాసన వదలకుండా వెంట వస్తుంటే, కారు రోడ్డు పక్కకు తీసి ఆపాను. అవ్వ నా వైపు చూసింది.

"అవ్వా, గా రేడియేటర్ల పసుపు పోసింది బాపు గాదు. నేను. నువ్వు పోవద్దని పోసిన."

ఆమె మొహంలో ఏమీ మారలేదు. "ఎరుకే," అంది.

"ఎప్పటి సంది?"

"ఆదిలాబాద్ పోయొచ్చిన తెల్లారి నీ గౌను ఉతికిన గద. జేబునిండ పసుపు. మూడు సార్లు సబ్బు పెట్టినా పోలే. మీ బాపు సూస్తడని పొయ్యిల పెట్టిన."

ఆ గౌను ఏమైందని నేను ఏనాడూ అడగలేదు.

"మరి బాపుకెందుకు జెప్పలే?"

"పదేండ్ల పోరివి. జెప్తె నీ మొకం సూసినప్పుడల్ల ఆయనకు గదే యాదికొస్తుండె. ఆయన పెద్దమనిషి, మోస్తడనుకున్న." కాసేపు కిటికీలోంచి చేన్ల వైపు చూసింది. "మోసిండు. దవాఖానల ఆఖరి దినం గూడ నా చెయ్యి వట్టుకొని గదే అన్నడు, నీ నౌకరి పోగొట్టిన అని. గప్పుడన్న జెప్దామనుకున్న. నోరు రాలే."

నేను కారు స్టార్ట్ చేశాను. బెల్లంపల్లిలో మా క్వార్టర్ల వరుసను కూలగొట్టి చాలా కాలమైంది, ఖాజా మామ షెడ్డు ఉన్నచోట ఏదో షోరూమ్ ఉంది, కెరమెరి ఘాటు రోడ్డు వెడల్పు చేశారు, మలుపుల దగ్గర ఇప్పుడు ఏ కారూ ఆగదు. బాపు పోయి నాలుగేండ్లు. ఇన్నాళ్ళకు నాకు నోరు వచ్చింది. బాపుకు చెప్పాలంటే ఇప్పుడు ఏ ఊరికి పోవాలో తెలియదు.